గోలీకి రెండు బుగ్గలు

బిందెలన్నీ నిండాక, నీళ్లు ఇంకా వస్తుండగానే, మాణిక్యమ్మ నల్లా పిడిని అడ్డంగా తిప్పి, దాని మూతి కింద బొటనవేలు పెట్టి నిలబడుతుంది. మనసులో పది లెక్కపెడుతుంది. పది అయ్యేసరికి వేలు పొడిగా ఉంటే చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్తుంది. పొడిగా ఉన్న వేలిని తుడుచుకోవడం ఎందుకో ఆమెకే తెలియదు.

పురానాపూల్ దగ్గరి ఆ గల్లీలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఆమె భర్త ప్రకాశం నీళ్ల శాఖలో పనివాడు. తెల్లవారుతుండగా లేచి, మనిషెత్తు ఇనుప చావి భుజాన వేసుకుని, రోడ్ల కింద పాతిపెట్టిన పెద్ద వాల్వులను దానితో వీధి తర్వాత వీధిగా విప్పుకుంటూ వెళ్తాడు. అతను డ్యూటీ దిగి ఇంటికి వచ్చే వేళకు ఆమె వేలు నల్లా కింద ఉంటుంది.

"జరమొచ్చిందా దానికి? నాడి చూస్తున్నవ్" అంటాడు.

"నీ వాల్వుల నాడి ఎవరు చూడాలె? చౌరస్తల చెరువు కడుతున్నరని చెప్పుకుంటున్నరు."

"అది వాల్వుది కాదు. పైపు పగిలింది."

"ఎప్పుడు జూడు పైపే పగులుతది. నీ వాల్వులు మాత్రం మంచియి."

ఆ ఇంటి నల్లాకున్న ఇత్తడి కాక్ మాణిక్యమ్మ చేతి మీదుగా వచ్చిందే. కాక్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. గొట్టం మధ్యలో ఒక ఇత్తడి గూడు, ఆ గూట్లో కింద సన్నగా పైన లావుగా ఉండే ఇత్తడి బిరడా. బిరడాకు అడ్డంగా ఒక రంధ్రం. రంధ్రం గొట్టానికి ఎదురుగా నిలిస్తే నీళ్లు వస్తాయి, పావు చుట్టు తిప్పితే ఆగుతాయి. చెప్పడానికి ఇంతే. కానీ ఆ బిరడా, ఆ గూడు ఒకదాన్నొకటి అన్ని వైపులా అంటుకుని కూర్చోకపోతే రాత్రంతా చుక్కలు పడుతూనే ఉంటాయి. వాటిని అలా కూర్చోబెట్టే పనిని కార్ఖానాల్లో గిసాయి అంటారు. మాణిక్యమ్మ పని అదే.

కృష్ణయ్య కార్ఖానాలో ఆమె చేరింది 1968లో. రేకుల షెడ్డు, వెనక గోడ అవతల మూసీ. ఒక కొలిమి, రెండు లేత్‌లు, కిటికీ పక్కన ఒక పొడుగాటి బల్ల. మొదట్లో ఆమె పోతపోసే అచ్చులకు ఇసుక మోసేది. బల్ల దగ్గర పరబ్రహ్మం తాత కూర్చునేవాడు. కంచరి పనిలో పుట్టి పెరిగిన మనిషి. బిరడాకు దీపం మసి, నూనె కలిపి పల్చగా రాసి, గూట్లో పెట్టి ఒక్కసారి తిప్పి పైకి తీసేవాడు. మసి చెరిగిపోయిన చోట ఇత్తడి ఇత్తడిని తాకుతున్నట్టు, నల్లగా మిగిలిన చోట తాకడం లేదన్నట్టు. తాకుతున్న ఎత్తులు అరిగేదాకా నూనెలో ఎమరీ అనే గరుకు రాతి పొడి వేసి తిప్పి తిప్పి రుద్దాలి. ముసలాయన కళ్లకు శుక్లాలు కమ్ముకుని నలుపు, తెలుపు తేడా తెలియకుండా పోయినప్పుడు, ఇసుక గంప దించి పక్కన నిలబడి "తాతా, ఎడమ దిక్కు కింద ఇంక నల్లగున్నది" అని చెప్పినది మాణిక్యమ్మ. అలా చెప్తూ చెప్తూ ఆరు నెలల్లో ఆయన పక్కన ఇంకో పీట వేసుకుంది.

గిసాయి అయ్యాక గూటి మీద, బిరడా మీద ఒకే లెక్కన చుక్కలు కొట్టేవాళ్లు. ఇది దానికి జోడీ అని గుర్తు.

"ఒకదాని బిరడ ఇంకోదానికి పెట్టినవనుకో, పక్కింటాయన వచ్చి మన ఇంట్ల బువ్వకు కూసున్నట్టే" అనేవాడు తాత. "మొఖం చూస్తే మంచిగనే ఉంటది. లొల్లి తర్వాత మొదలైతది."

1971లో ఆయన పోయాడు. బల్ల మాణిక్యమ్మదైంది.

శ్రీహరిరావు ఆ కార్ఖానాకు వచ్చింది మరో మూడేళ్లకు, 1974 ఎండాకాలం చివర. కోస్తా నుంచి వచ్చి నగరంలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజినీరుగా స్థిరపడిన మనిషి. జేబు రుమాలులో చుట్టుకొచ్చిన వస్తువును బల్ల మీద పెట్టి విప్పాడు. పిడికెడంత విదేశీ వాల్వు. పైన చక్రం లేదు, ఒక చిన్న పిడి మాత్రం ఉంది.

"ఇవి ఇంతకాలం బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడు దిగుమతికి అనుమతి దొరకడం లేదు. మీరు చేయగలరేమో చూడండి" అన్నాడు కృష్ణయ్యతో.

కృష్ణయ్య దాన్ని అటూ ఇటూ చూసి లేత్ పనివాడు రామ్‌చందర్‌కు ఇచ్చాడు. రామ్‌చందర్ రెండు ముక్కలుగా విప్పాడు. లోపలి నుంచి అద్దంలా మెరుస్తున్న స్టీలు బంతి ఒకటి బల్ల మీదికి దొర్లింది. మధ్యలో ఆ పక్క నుంచి ఈ పక్కకు రంధ్రం.

"ఇది గోలీ" అన్నాడు రామ్‌చందర్. అంతే. ఆ కార్ఖానాలో ఆ వాల్వుకు ఆ రోజు నుంచి గోలీ వాల్వు అనే పేరు పడిపోయింది.

మాణిక్యమ్మ పిడిని తిప్పి చూసింది. పావు చుట్టు. "ఇది మా కాకే గద సార్. బిరడకు బదులు గోలీ పెట్టిన్రు."

శ్రీహరిరావుకు ఆ మాట నచ్చినట్టుంది, కూర్చున్న స్టూలు ఆమె వైపు తిప్పుకున్నాడు. "సరిగ్గా పట్టుకున్నారమ్మా. మీ కాక్‌కి ఇది మనవరాలు."

ఆ మనవరాలి కథ కూడా ఆయనే చెప్పాడు. బిరడా బదులు బంతి పెడితే బాగుంటుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందటే అమెరికాలో ఇత్తడి బంతితో వాల్వు చేసి పేటెంటు కూడా తీసుకున్నారట. కానీ లోహపు బంతిని లోహపు గూట్లో ఎంత కూర్చోబెట్టినా కారేది. బిరడాకైతే మీద నుంచి ఒత్తి బిగించే వీలుంది, బంతిని ఎటు నుంచి ఒత్తుతారు? అందుకని ఆ ఆలోచన చాలా ఏళ్లు మూలన పడి ఉంది. 1938లో అక్కడే ఒక రసాయన శాస్త్రవేత్త చల్లదనాన్నిచ్చే గ్యాసుల మీద ప్రయోగాలు చేస్తుంటే, సిలిండరులోని గ్యాసు బయటికి రాలేదు. ఏమైందా అని సిలిండరును కోసి చూస్తే లోపల తెల్లటి మైనం లాంటి పొడి. దేనికీ అంటుకోదు, యాసిడ్ పోసినా కరగదు. అదే టెఫ్లాన్. యుద్ధం అయిపోయాక ఆ తెల్లటి పదార్థంతో రింగులు చేసి బంతికి అటొకటి ఇటొకటి పెట్టి చూశారు. మెత్తటి రింగు బంతిని హత్తుకుని కూర్చుంది. చుక్క కారలేదు. మొదట విమానాల ఇంధనపు గొట్టాలకు, తర్వాత ఫ్యాక్టరీలకు, ఇరవై ఏళ్లలో అంతటా పాకింది.

మాణిక్యమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "మరి గిసాయి ఎక్కడ చేస్తరు సార్?"

"అదేనమ్మా దీని గొప్పతనం. గిసాయి అక్కర్లేదు. జోడీ లేదు. ఏ బంతినైనా తీసి ఏ వాల్వులోనైనా వేయొచ్చు."

ఆయన ఆరు నమూనాలు అడిగాడు. మూడు వారాల గడువు. అవి పరీక్షలో నెగ్గితే ముందు రెండు వందల వాల్వులు, తర్వాత ఏటా పని. టెఫ్లాన్ కడ్డీ ఒకటి ఇచ్చి వెళ్లాడు. రెండు విడతల రింగులకు సరిపోతుంది, అంతకు మించి తన దగ్గర లేదన్నాడు.

ఆయన వెళ్లాక కృష్ణయ్య దాచకుండా చెప్పాడు. "కాక్‌లకు దసరా దాక పని ఉన్నది. ఆ తర్వాత లేదు. ఈ గోలీ పని దొరికితే కార్ఖానా నడుస్తది. దొరకకుంటే ఉస్మాన్‌గంజ్ బెల్లపు సేటు గోదాముకు అడుగుతున్నడు, ఇచ్చేస్త."

"దొరికితే నా పనేంది సేటూ?"

కృష్ణయ్య కిటికీ వైపు చూశాడు. "చూద్దాం తియ్యి. డబ్బలల్ల సర్దుడో, గిట్ల ఏదో ఒకటి."

పని దొరక్కపోతే షెడ్డు లేదు. దొరికితే బల్ల లేదు. డబ్బాల్లో సర్దడానికి మాణిక్యమ్మ చేతులు ఎందుకు? ఆ చేతుల్లో ఐదారేళ్ల ఎమరీ ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ పూల్ మీద కాసేపు ఆగి నిలబడింది. ఆ పాత వంతెన మీద అలా ఏ పనీ లేకుండా నిలబడటం ఆమె ఎరిగినంతలో అదే మొదటిసారి.

రామ్‌చందర్ రేకుతో ఒక అర్ధచంద్రం కత్తిరించుకుని, దాన్ని మాటిమాటికీ ఆనించి చూసుకుంటూ లేత్ మీద స్టీలు గోలీలు తిప్పాడు. మంచి పనివాడు. గోలీలు చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. తెల్లటి రింగులూ అతనే చేశాడు. మొదటి వాల్వు బిగించి చేతి పంపుతో నీళ్ల ఒత్తిడి ఎక్కించారు. మాణిక్యమ్మ అలవాటుగా మూతి కింద వేలు పెట్టింది. ఏడు లెక్కపెట్టేసరికి వేలు తడిసింది.

ఒక్క చుక్క. రామ్‌చందర్ చూడలేదు, పంపు మీద వంగి ఉన్నాడు. కృష్ణయ్య పత్తర్‌గట్టిలో ఎవరినో కలవాలని వెళ్లాడు. మధ్యాహ్నం రామ్‌చందర్ అన్నానికి పోగానే మాణిక్యమ్మ ఆ వాల్వు విప్పింది. చుక్క కారితే ఏం చేయాలో ఆమెకు ఒక్కటే తెలుసు. నూనెలో ఎమరీ పొడి కలిపి, గోలీకి రాసి, తెల్లటి రింగుల మధ్య పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో, ఎవరూ చూడని గంటల్లో, ఆరు వాల్వులకూ గిసాయి చేసింది. ఒకటి నుంచి ఆరు దాకా జోడీ చుక్కలు కొట్టింది. ఈసారి పంపు పెడితే ఏ ఒక్కటీ కారలేదు. ఇరవై లెక్కపెట్టినా వేలు పొడిగానే ఉంది.

కృష్ణయ్య సంతోషంగా రామ్‌చందర్ వీపు తట్టి, వాల్వులు పరీక్షకు పంపించాడు.  తన చెయ్యి పడకుండా గోలీ వాల్వు నీళ్లు ఆపదని మాణిక్యమ్మకొక్కదానికే తెలుసు. ఆ తెలివిడి ఆమెకు నాలుగు రోజులు ధైర్యంగా ఉంది.

ఐదో రోజు శ్రీహరిరావు గోనె సంచితో వచ్చాడు. ఆరు వాల్వులూ తిరిగొచ్చాయి.

"మొదట పొడిగానే ఉన్నాయి. ఒక్కోదాన్ని వందసార్లు తెరిచి మూయించాను. ఫ్యాక్టరీలో రోజూ తిప్పేవి కదా. అరవై దాటేసరికి అన్నీ కారాయి" అన్నాడు. ఒకటి విప్పి చూపించాడు. పాల రంగు రింగు బూడిద రంగుకు తిరిగింది. గోలీ మీద చుట్టూ సన్నటి గీతలు.

కృష్ణయ్య రామ్‌చందర్ మీద పడ్డాడు. "టూల్ అరిగింది, మార్చురా అంటే వినవు. గోలీలకు గరుకు మిగిల్చినవ్. పరువు తీసినవ్ గద."

రామ్‌చందర్ గోలీ చేతిలోకి తీసుకుని గీతల వంక చూస్తూ ఉండిపోయాడు. అతని మొహంలో కోపం లేదు. తన పని మీద తనకే అనుమానం వచ్చినవాడి మొహం అది. మాణిక్యమ్మ దాన్ని చూడలేకపోయింది.

"ఆయన తప్పు గాదు సేటూ. నేను గిసాయి చేసిన."

"ఏందీ?"

"ఎమరీ పెట్టి ఆరిటికీ గిసాయి చేసిన. చుక్క కారుతుండె."

"నిన్నెవరడిగిన్రు?"

"ఎవరడుగలే. ఎవరూ అడుగరనే చేసిన."

 రామ్‌చందర్ గోలీని బల్ల మీద పెట్టి, తన లేత్ దగ్గరికి వెళ్లి, ఏ అవసరమూ లేకపోయినా దాన్ని గుడ్డతో తుడవసాగాడు.

శ్రీహరిరావు జేబులోంచి చిన్న భూతద్దం తీసి రింగును వెలుగులో పట్టుకున్నాడు. తర్వాత మాణిక్యమ్మను పిలిచి చూడమన్నాడు. తెల్లటి మెత్తదనంలో నల్లటి రవ్వలు, ముగ్గులో పడిన ఇసుకలా. ఇత్తడి గట్టిది, ఎమరీని లోపలికి రానివ్వదు, రుద్దాక కిరసనాయిలుతో కడిగితే పోతుంది. ఇది మైనం లాంటిది. రవ్వను మింగి కూర్చుంది. ఆ తర్వాత పిడి తిప్పిన ప్రతిసారీ మింగిన రవ్వలతో గోలీని గీరింది. అంటే ఫ్యాక్టరీలో వందసార్లూ ఆమె గిసాయే జరుగుతూ పోయింది.

"గిసాయి ఇంక బంద్. దసరా దాక కాక్‌లు చెయ్యి, అంతే" అన్నాడు కృష్ణయ్య. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

శ్రీహరిరావు మాత్రం వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు. "అమ్మా, మీరు మొదట చుక్క కారిందన్నారు. ఎమరీ పెట్టకముందు. అది ఎందుకు కారింది?"

రామ్‌చందర్ తుడవడం ఆపి మాణిక్యమ్మ వంక చూశాడు.

"అది తేల్చండి. కడ్డీలో ఇంకొక విడతకు ఉంది. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం తీసుకురండి" అని ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం మాణిక్యమ్మ గీతలు పడ్డ గోలీ ఒకటి అడిగి తీసుకుంది. "తీస్కపో, ఇగ దేనికి పనికొస్తది" అన్నాడు కృష్ణయ్య.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, వంట ముగించి, ఆమె గుమ్మంలో కూర్చుని గోలీని అరచేతుల మధ్య దొర్లించసాగింది. బొటనవేలికి ఏదో తగులుతోంది. కంటికి కనబడదు. ఇటు తిప్పితే ఉంటుంది, అటు తిప్పితే ఉండదు. మొదటి రోజు కూడా తగిలింది. అప్పుడు పట్టించుకోలేదు. ఐదారేళ్ల గిసాయిలో ఎప్పుడూ పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు. బిరడా వంకరగా ఉంటే గూడు దాని వంకరకు తగ్గట్టే అరుగుతుంది. రెంటి తప్పులూ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. జోడీ అంటే అదే కదా. విడిగా చూస్తే ఏ బిరడా సరిగ్గా గుండ్రంగా ఉండి ఉండదు, ఎవరూ విడిగా చూడలేదు, అంతే.

గోలీకి జోడీ లేదు. అది ఒక్కతే, తనంతట తాను గుండ్రంగా ఉండాలి.

ప్రకాశం సంచిలో కోసిన పైపు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. గోలీ కన్నా సన్నగా ఉన్న ఇత్తడి ముక్క ఒకటి వెతికి తీసి, దాని అంచును బండ మీద చదును అయ్యేదాకా రుద్దింది. స్టవ్ మసి, కొబ్బరి నూనె కలిపి గోలీకి రాసింది. పైపు అంచును గోలీ మీద బోర్లించి మెల్లగా తిప్పింది.

"గోలీలాట నేర్సుకుంటున్నవా ఈ వయసుల?" అన్నాడు ప్రకాశం, మంచం మీద నుంచి.

"నీ వాల్వు విప్పనీకి ఎన్ని చుట్లు తిప్పుతవ్?"

"పెద్ద రోడ్డుదానికి ఇరవై రెండు. మూసెటప్పుడు మళ్ల ఇరవై రెండు. భుజాలు చూడు, పహిల్వాన్ లెక్క అయినయి."

"ఇది పావు చుట్టు."

"పావు చుట్టుకు నీళ్లు ఆగుతయా?" ప్రకాశం లేచి కూర్చున్నాడు. "ఆగితే నన్ను పనిల నుంచి తీసేస్తరు. వద్దు తియ్యి, చెయ్యకు."

ఆమె నవ్వుతూనే గోలీని వెలుగులోకి ఎత్తింది. గుండ్రటి అంచు గుండ్రటి బంతిని ఎక్కడ పెట్టినా చుట్టూ తాకాలి, చుట్టూ మసి చెరగాలి. ఇక్కడ రెండు పక్కల మాత్రమే చెరిగింది. మధ్యలో నలుపు అలాగే ఉంది. ఇంకో వైపు నుంచి పెట్టి చూసింది. అవే రెండు చోట్లు. గోలీకి రెండు బుగ్గలున్నాయి. బెల్లం ముక్క పెట్టుకున్న పిల్ల బుగ్గల్లా, వెంట్రుకవాసి ఉబ్బు.

మర్నాడు తొమ్మిది కాకముందే లేత్ దగ్గరికి వెళ్లింది. రామ్‌చందర్ ఆమెను చూసి గుడ్డ అందుకున్నాడు.

"తమ్మీ, జర ఇది చూడు."

"నువ్వు మళ్ల నా గోలీ ముట్టినవా అక్కా? చేతులు కట్టెయ్యాలె నీకు."

"తర్వాత కట్టేద్దువు. ముందు చూడు."

అతను మసి మరకలు చూశాడు. తన రేకు అర్ధచంద్రం తీసి ఆనించాడు. వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. రేకు వెంట్రుకవాసి తేడాను పట్టుకోలేదు. అది పట్టుకోలేదని అతనికి అర్థమైంది.

"అయితే తప్పు నాదే గద."

"రేకుది. నువ్వు రేకు చెప్పినట్టే చేసినవ్. ఇగ నేను చెప్పినట్టు చెయ్యి."

"గిదేంది, మొన్న తిట్లు తినిపించినవ్, ఇయ్యాల మేస్త్రివి అయినవ్" అన్నాడు రామ్‌చందర్, కానీ అప్పటికే లేత్ బెల్టు ఎక్కిస్తున్నాడు.

కొత్త గోలీని దాని రంధ్రంలోంచి దూర్చిన కమ్మీ మీద బిగించి లేత్ మీద తిప్పాడు. మాణిక్యమ్మ ఇత్తడి పైపు ముక్క అంచుకు ఎమరీ, నూనె రాసి, తిరిగే గోలీ మీద ఆనించి, పైపును కూడా వేళ్ల మధ్య తిప్పుతూ పోయింది. గోలీ ఒక వైపు తిరుగుతుంది, పైపు ఇంకో వైపు. బుగ్గ ఎక్కడుంటే అక్కడ అంచు కొరుకుతుంది, లేని చోట ఊరికే జారిపోతుంది. మొదటి గోలీకి ఒక రోజంతా పట్టింది. మసి రాసి చూస్తే నలుపు సగం. మళ్లీ రుద్దింది. మూడోసారి మసి చుట్టూ ఒకే తీరుగా చెరిగింది, ఎటు వైపు నుంచి పెట్టినా.

కృష్ణయ్య మధ్యలో రెండుసార్లు వచ్చి నిలబడి చూసి వెళ్లాడు. గిసాయి బంద్ అన్న మాట వెనక్కి తీసుకోలేదు, మళ్లీ అననూ లేదు.

తెల్లటి రింగులున్న డబ్బా వైపు మాత్రం మాణిక్యమ్మ వెళ్లలేదు. "దాన్ని నాకు చూపియ్యకు తమ్మీ. నా నీడ గూడ పడొద్దు" అనేది. రుద్దడం అయ్యాక గోలీలను కిరసనాయిలులో, తర్వాత సబ్బు నీళ్లలో, తర్వాత వేడి నీళ్లలో కడిగి, ఉతికిన పంచె ముక్కలో చుట్టి అవతలి గది గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేది. బిగించడం ఆ గదిలో రామ్‌చందర్ పని. ఆరో గోలీ చుట్టి పెట్టాక ఆమె చెయ్యి అలవాటుగా చుక్కలు కొట్టే పంచ్ మీదికి పోయింది. తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ డబ్బాలో వేసింది.

శనివారం ఫ్యాక్టరీకి ఆమెను కూడా రమ్మన్నాడు కృష్ణయ్య. "నువ్వు చేసినవ్, నువ్వే చెప్పుకో. కారితే నాకు మాటలు రావు." బస్సులో ముగ్గురూ వాల్వుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. 

పరీక్ష గది శుభ్రంగా, పెళ్లింటి పందిరిలా వెలుగుగా ఉంది. శ్రీహరిరావు వాల్వులు బల్ల మీద వరసగా పెట్టించి, ఆరింటినీ విప్పించాడు. గోలీలన్నీ ఒక పళ్లెంలో వేశాడు.  ఆయన పళ్లేన్ని అటూ ఇటూ ఊపాడు. గోలీలు ఒకదాన్నొకటి తాకుతూ దొర్లాయి. ఇప్పుడు ఏ గోలీ ఏ వాల్వుదో దేవుడు కూడా చెప్పలేడు.

"మీరే తీసి ఇవ్వండమ్మా, ఏదైనా సరే."

మాణిక్యమ్మ చేతికి అందినదాన్నల్లా తీసి ఇచ్చింది. ఆ గది పనివాడు ఒక్కో గోలీని చేతికొచ్చిన గూట్లో బిగించాడు. ఒత్తిడి ఎక్కించారు. పొడి. తర్వాత తిప్పడం మొదలైంది. తెరవడం, మూయడం. పనివాడు పైకే లెక్కపెడుతున్నాడు. అరవై దగ్గరికి వచ్చినప్పుడల్లా కృష్ణయ్య కుర్చీలో కదిలాడు. ఒకటి నెగ్గింది. రెండు, మూడు, నాలుగు.

ఐదోది డెబ్బై మూడు దగ్గర తడిసింది.

రామ్‌చందర్ కళ్లు మూసుకున్నాడు. మాణిక్యమ్మ లేచి, ఎవరినీ అడక్కుండా బల్ల దగ్గరికి వెళ్లి, మూతి కింద వేలు పెట్టింది. పది లెక్కపెట్టింది. వేలు పొడిగా ఉంది. వేలిని పైకి జరుపుతూ పిడి కింద ఉన్న మెడ దగ్గరికి వచ్చింది. అక్కడ తడిసింది.

"సార్, ఇది గోలీ కాదు. మెడ కాడ నట్టు ఒదులైంది."

శ్రీహరిరావు వంగి చూశాడు. పానా తీసుకుని నట్టు అర చుట్టు బిగించాడు. "మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టు" అన్నాడు పనివాడితో. ఈసారి వంద దాకా మెడ కూడా తడవలేదు. ఆరోది కూడా నెగ్గింది.

"పాసయ్యాయి" అన్నాడు శ్రీహరిరావు, ఒక కాగితం మీద రాసుకుంటూ. తర్వాత తలెత్తి, "గిసాయి అక్కర్లేదని నేను ఆ రోజు తప్పు చెప్పానమ్మా. అక్కర్లేనిది జోడీ మాత్రమే" అన్నాడు.

తిరుగు బస్సులో రామ్‌చందర్ మాట్లాడుతూనే ఉన్నాడు. పురానాపూల్ దగ్గర దిగాక కృష్ణయ్య, ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండానే, "ఆ కిటికీ పక్కన ఇంకొక పీట వెయ్యాలె. రెండు వందల గోలీలు ఒక్కదానివి ఎప్పుడు చేస్తవ్?" అన్నాడు.

"ఎల్లమ్మను పిలుస్త సేటూ. ఇసుక మోస్తది గద. దానికి కండ్లు మంచిగున్నయి."

షెడ్డు గోదాము కాలేదు. ఆ తర్వాతి ఏళ్లలో లోపల చాలా మారింది. గోలీలు రుద్దడానికి ఒక చిన్న యంత్రం వచ్చింది, ఇత్తడి పైపు ముక్క స్థానంలో దానికి ఇత్తడి గిన్నె లాంటిది బిగించారు, కానీ అది చేసే పని అదే. రేకు అర్ధచంద్రాన్ని రామ్‌చందర్ తన లేత్ పైన మేకుకు తగిలించి ఉంచాడు, ఎవరైనా తన పని చూసి మెచ్చుకుంటే దాన్ని చూపిస్తాడు. శ్రీహరిరావు విశాఖపట్నం బదిలీ మీద వెళ్తూ ఆ పాత విదేశీ వాల్వును మాణిక్యమ్మకు ఇచ్చి వెళ్లాడు. దాని గోలీకి మసి రాసి చూసింది ఆమె. దానికీ ఒక పక్క కొంచెం బుగ్గ ఉందని ఎల్లమ్మకు మాత్రమే చెప్పింది.

ఇంట్లో ఆ పాత కాక్ తీసి గోలీ వాల్వు పెడతానని ప్రకాశం చాలాసార్లు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అది కారినప్పుడు చూద్దామంది. అది కారలేదు.

ఇప్పుడు 1988. మాణిక్యమ్మకు యాభై ఒకటి. సోమవారం నుంచి శనివారం దాకా తొమ్మిది గంటలకల్లా అదే కిటికీ పక్కన కూర్చుంటుంది, ఆ బల్ల దగ్గర ఇప్పుడు నలుగురు ఆడవాళ్లు పని చేస్తున్నారు.